నాన్న షాపు ఖాళీ చేసే ముందు

ప్రశ్న: మా నాన్న చిన్న ఊళ్లో 38 ఏళ్లు మోటార్ వైండింగ్ షాపు నడిపారు. నాలుగు నెలల కిందట పోయారు. ఇంట్లోవాళ్ల కోసం ఒక చిన్న సంస్మరణ పుస్తకం వేద్దామని, ఆయన గురించి నన్ను రాయమని అన్నయ్య అన్నాడు. మూడుసార్లు రాశాను. ‘కష్టజీవి, నిజాయితీపరుడు, కుటుంబమే ప్రాణం’... ఇవే మాటలు. ఎవరి నాన్న పేరు పెట్టినా సరిపోతుంది. నెలాఖరుకి షాపు ఖాళీ చేయాలి. పాత నోట్‌బుక్కులు రెండు గోతాలున్నాయి, తూకానికి వేసేద్దామంటున్నారు. ఇంకో టెన్షన్ కూడా ఉంది. పార్ట్‌నర్‌తో గొడవపడి విడిపోయిన సంగతి రాయాలా? మా చిన్నప్పుడు ఆయన ఇంట్లో కనిపించిందే తక్కువ. అదీ రాయాలా?
– ఒక కూతురు

జవాబు: ముందు ఆ గోతాలు ఆపించండమ్మా. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

ముప్పై ఏళ్లు చిన్న వ్యాపారుల లెక్కలు రాసి బతికినవాణ్ణి. వైండింగ్ షాపుల్లోనూ గంటలు గంటలు కూర్చున్నాను. కాలిపోయిన మోటారు రాగానే అక్కడ ఎవరూ తీగ పీకేయరు. స్లాట్లు (తీగ కూర్చే గాళ్లు) ఎన్ని, కాయిల్ ఏ స్లాటులోంచి ఏ స్లాటులోకి వెళ్లింది, చుట్లు ఎన్ని, తీగ గేజ్ (మందం) ఎంత, కనెక్షన్ ఎలా ఉంది, ఇవన్నీ నోట్‌బుక్కులో ఎక్కించాకే కోస్తారు. రాసుకోకుండా పీకేస్తే మళ్లీ చుట్టడానికి ఆధారం ఉండదు. మీ నాన్నగారు 38 ఏళ్లు చేసింది ఇదే కదా. షాపు విషయంలో ఇప్పుడు మీరు చేయాల్సిందీ అదే.

ఒక్క వస్తువూ కదపకముందే ఫొటోలు తీయండి. గుమ్మంలో నిలబడి కాదు, అది షాపుకొచ్చినవాళ్లు చూసే షాపు. ఆయన కూర్చున్న చోట కూర్చుని తీయండి. ఏ పనిముట్టు కుడిచేతికి అందుతుంది? కళ్లజోడు ఎక్కడ పెట్టేవారు? గోడ మీద పెన్సిల్‌తో రాసుకున్న నంబర్లేమైనా ఉన్నాయా?

తర్వాత నోట్‌బుక్కులు. ఆవర్జా (ఖాతాల పుస్తకం) లాంటి శుభ్రమైన పుస్తకం ఉంటే దాన్ని పక్కన పెట్టండి. అది పదిమందికీ చూపించడానికి రాసింది. నలిగిపోయిన రఫ్ చిట్టా చూడండి. ప్రతి లావాదేవీనీ రెండు ఖాతాల్లో రాసే జంటపద్దు విధానం గురించి 1494లో పుస్తకం అచ్చేసిన లూకా పచోలీ, వ్యాపారికి మూడు పుస్తకాలు కావాలన్నాడు. ఏ బేరం జరిగితే అది అప్పటికప్పుడు రాసుకునే మొదటి పుస్తకానికి ఆయన చెప్పిన పేరు మెమోరియాలే. జ్ఞాపకాల పుస్తకం అన్నమాట. వృత్తి వల్ల ఈ మాట నాకు ఎప్పుడో తెలుసు. దాని విలువ తెలిసింది మాత్రం మా అన్నయ్య పోయాక.

అన్నయ్యది చిన్న ప్రింటింగ్ ప్రెస్. ఆయన సంతాప సభకి నేనూ మీలాగే ‘ఉదార హృదయుడు’ అని రాసి చదివాను. తలలూపారు, అంతే. ఆర్నెల్ల తర్వాత బాకీలు తేల్చడానికి రఫ్ చిట్టా తెరిస్తే, ఒక పద్దు పక్కన ఎర్ర పెన్సిల్‌తో ‘అడగొద్దు. కూతురి పురుడు’ అని ఉంది. దాని కిందే ఇంకొకాయన పద్దు. అక్కడ ‘వీడికి బుద్ధి లేదు, నాకూ లేదు’. మా అన్నయ్య గొంతు ఆ రెండో ముక్కలో వినిపించినంతగా నా ఉపన్యాసం మొత్తంలో లేదు. కానీ అప్పటికే సభ అయిపోయింది.

పనివాళ్లని కలవండి. ‘నాన్న ఎలాంటివారు?’ అని మాత్రం అడక్కండి, దేవుడంటారు. పొద్దున షట్టర్ ఎవరు తీసేవారు? తీగ పాడుచేస్తే ఏమనేవారు? జీతం కవర్లో పెట్టి ఇచ్చేవారా, చేతిలో పెట్టేవారా? ఇలా అడగండి. కుర్రతనంలో పనిలో చేరినవాళ్లని ముందు పట్టుకోండి. పెద్దవయసులో మనుషులకి ఎక్కువగా గుర్తుండేవి పదేళ్లకీ ముప్పై ఏళ్లకీ మధ్య రోజులేనని మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాసార్లు గమనించారు. నిన్నటి సంగతి మరిచిపోయిన మేస్త్రీ కూడా తను మొదట చుట్టిన మోటారు గురించి అరగంట చెబుతాడు.

గొడవ సంగతి రాయండి, రెండు వాక్యాల్లో. ఏ సంవత్సరం విడిపోయారు, తర్వాత షాపు ఎన్నాళ్లు తడబడింది, అంతవరకే. తప్పెవరిదో తేల్చకండి. అవతలాయన చెప్పేది మీరు వినలేదు.

ఇంట్లో కనిపించకపోవడం మాత్రం తప్పకుండా రాయాలి. ఇటలీలో ప్రాతో అనే పట్టణం నుంచి వచ్చిన ఫ్రాన్సెస్కో దతీని అనే వ్యాపారి 1410లో చనిపోయాడు. 1870లో ఆయన ఇంట్లో, మెట్ల కింద గోతాల్లో కాగితాలు బయటపడ్డాయి. దాదాపు 1,50,000 ఉత్తరాలు, 500కు పైగా లెక్కల పుస్తకాలు. వ్యాపార పనుల మీద ఆయన ఎక్కువగా వేరే ఊళ్లో ఉండేవాడు, భార్య మార్గరీటా ఇంటి దగ్గర. మొదట్లో ఉత్తరాలు ఎవరిచేతనో రాయించేది. పెద్దయ్యాక తనే రాయడం నేర్చుకుంది. విపరీతంగా పనిచేస్తాడని, ఇంటికి రాడని మొగుణ్ణి చీవాట్లు పెట్టేది. సరుకుల లెక్కలు చరిత్రకారులకి పనికొచ్చాయి, నిజమే. నాకు మాత్రం ఆయన మనిషిగా కనిపించింది ఆ చీవాట్లలోనే. మీరు రాయబోయే ఫిర్యాదూ అలాంటిదే. నాన్నగారు ఎదురుగా ఉంటే మీరు ఎలా దెబ్బలాడేవారో అలాగే రాయండి. తర్వాత మెత్తబరచకండి.

రెండు పేజీలు చాలు. అచ్చుకి ఇచ్చే ముందు అమ్మగారి పక్కన కూర్చుని పైకి చదవండి. ‘అలా కాదే’ అని ఆవిడ అడ్డం వస్తే చదవడం ఆపి, ఆవిడ చెప్పేది రాసుకోండి.

అన్నట్టు, విప్పి, చుట్టకుండా మిగిలిపోయిన మోటార్లు షాపులో ఉన్నాయా? వాటి లెక్క చివరి నోట్‌బుక్కులోనే ఉంటుంది. ఆ పేజీలు మేస్త్రీ చేతికిచ్చి పూర్తి చేయించండి. వాటి సొంతదార్లు నాలుగు నెలలుగా, అడగడానికి మొహమాటపడి ఊరుకుని ఉంటారు.