రెండో పరీక్ష ఫలితం కోసం ఆగకండి

పొడి రూపంలో ఉండే మీ ఆహార ఉత్పత్తిలో జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉన్నట్టు ల్యాబ్ చెప్పింది, మరోసారి పరీక్ష చేయించాకే మార్కెట్ నుంచి సరుకు వెనక్కి రప్పించాలా అని అడిగారు. దయచేసి ఆగకండి. ఆహార కర్మాగారంలో నాణ్యతా విభాగంలో చాలాకాలం పనిచేసినవాడిగా చెబుతున్నాను.

పొడి పదార్థంలో బ్యాక్టీరియా అంతటా సమానంగా పరచుకుని ఉండదు. ఒకచోట గుంపుగా ఉంటుంది, ఆ పక్కనే ఏమీ ఉండదు. పరీక్షకు తీసే నమూనా సాధారణంగా 25 గ్రాములే. టన్నుల సరుకులోంచి తీసిన ఇంకో 25 గ్రాముల్లో అది దొరకనంత మాత్రాన మొదటి ఫలితం చెల్లకుండా పోదు. పీనట్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా అనే వేరుశనగ ఉత్పత్తుల కంపెనీ నచ్చిన ఫలితం వచ్చేదాకా పరీక్షలు చేయించి సరుకు పంపింది. 2008–09లో 700 మందికి పైగా జబ్బుపడ్డారు, తొమ్మిది మంది చనిపోయారు. ఆ కంపెనీ అధిపతికి 2015లో 28 ఏళ్ల జైలుశిక్ష పడింది.

మా కర్మాగారంలో ఇలాంటి నివేదిక వచ్చిన రోజు అమ్మకాల విభాగం కూడా రెండో పరీక్ష అనే అడిగింది. ప్లాంటు మేనేజరు ఒప్పుకోలేదు. ఆ పూటే గోదాములు మూయించి, ఆహార భద్రతా అధికారులకు, డిస్ట్రిబ్యూటర్లకు ఫోన్లు చేయించారు. ఆయన మీద నాకున్న గౌరవం ఈనాటికీ తగ్గలేదు.

అసలు కష్టం ఏ బ్యాచ్‌లు వెనక్కి తేవాలో తేల్చడంలో ఉంది. దొరికిన ఒక్క బ్యాచ్‌తో సరిపెట్టుకుంటే ప్రమాదం. యంత్రాలను పూర్తిగా శుభ్రం చేసిన ఒక రోజు నుంచి మళ్లీ శుభ్రం చేసిన రోజు వరకు తయారైనదంతా అనుమానితమే. రీవర్క్ సంగతి ముందుగా చూడండి. నిన్న మిగిలిన పొడిని ఇవాళ్టి బ్యాచ్‌లో కలిపి ఉంటే, ఆ బ్యాచ్ కూడా జాబితాలో చేరాలి. మేం ఎక్కువ సమయం పెట్టింది ఇలా కలిపిన లెక్కలు రాసిన రిజిస్టర్ల మీదే.

సరుకు వెనక్కి రప్పిస్తున్నట్టు ఇచ్చే ప్రకటనలో మీ కంపెనీ ఎంత పాతదో రాయకండి. ఫోన్ చేసినవాళ్లలో చాలామంది అడిగేవి రెండే: నా చేతిలోని ప్యాకెట్ అదేనా, మా బిడ్డ ఇప్పటికే తిన్నది, ఏం చేయాలి? కాబట్టి బ్యాచ్ నంబరు ప్యాకెట్ మీద ఎక్కడ ఉంటుందో బొమ్మ వేసి చూపించండి. లక్షణాలు సాధారణంగా ఆరు గంటల నుంచి ఆరు రోజుల్లోపు మొదలవుతాయని, జ్వరం, విరేచనాలు, కడుపునొప్పి కనిపిస్తే, ముఖ్యంగా పసిపిల్లలను, వృద్ధులను వెంటనే డాక్టరుకు చూపించాలని రాయండి. ఫోన్ ఎత్తేవాళ్లకు ఈ జవాబులు ముందే నేర్పించండి.

క్షమాపణ కంపెనీ అధిపతి నోటి నుంచే రావాలి. 2008లో కెనడాలో మేపుల్ లీఫ్ ఫుడ్స్ మాంసంలో లిస్టీరియా అనే మరో హానికర బ్యాక్టీరియా బయటపడి 20 మందికి పైగా చనిపోయినప్పుడు అధిపతి మైకేల్ మెకేన్ స్వయంగా కెమెరా ముందుకు వచ్చి, బాధ్యత తమదేనన్నారు.

ముడిసరుకు నుంచే వచ్చిందన్న అనుమానం ఉంటే సరఫరాదారుకు ఇవాళే చెప్పండి. అదే లాట్ ఇంకెన్ని కంపెనీలకు వెళ్లిందో ఆ సరఫరాదారుకే తెలుస్తుంది.