ఒకే ఏడాది పంట అయినప్పుడు షాంపేన్‌లో కలపడానికి ఏముంటుంది?

మీ సందేహం న్యాయమైనదే. సీసా మీద ఒకే సంవత్సరం వేసి ఉంటుంది, అంటే పాత వైన్లేవీ కలపరు, మరి డోమ్ పెరిన్యోన్, క్రిస్టాల్ లాంటి ఖరీదైన వింటేజ్ (ఒకే ఏడాది పంటతో చేసే) షాంపేన్ల గురించి ఎవరు మాట్లాడినా బ్లెండింగే, అంటే వేర్వేరు వైన్లని కలపడమే గొప్ప అంటారేంటి అని అడిగారు. నేను ఫ్రాన్స్‌లో షాంపేన్ తయారయ్యే ప్రాంతంలోని ఎపెర్నే దగ్గర, వైన్ తయారుచేసే ఒక చిన్న సెల్లార్‌లో కొంతకాలం పనిచేశాను, బ్లెండ్ తయారయ్యే బల్ల దగ్గర కూర్చునే అవకాశం కూడా దొరికింది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఇక్కడ కలిపేది ఊళ్ళని, తోటల్ని, ద్రాక్ష రకాల్ని. పంట కోశాక ఏ తోట పండు ఆ తోటదిగా విడిగా పిండుతారు, విడివిడి ట్యాంకుల్లో పులియబెడతారు. 4,000 కిలోల ద్రాక్ష నుంచి మొదట దిగే 2,050 లీటర్ల రసాన్నే మంచి వైన్లకి వాడుకుంటారు. ఆ తర్వాత వచ్చే 500 లీటర్లలో పులుపు తగ్గి వగరు పెరుగుతుంది. కాబట్టి చలికాలం వచ్చేసరికి పెద్ద కంపెనీల దగ్గర వందల్లో, చిన్నవాళ్ళ దగ్గర పదుల్లో వేర్వేరు వైన్లు సిద్ధంగా ఉంటాయి. అన్నీ అదే ఏడాదివే, కానీ వెర్జెనే ఊరి పినో న్వార్ (నల్ల ద్రాక్ష రకం) బిగుసుకుని ఉంటుంది, ఆయ్ ఊరిది నిండుగా గుండ్రంగా ఉంటుంది, ల మెనీల్ ఊరి షార్డొనే (తెల్ల ద్రాక్ష రకం) సన్నగా, సుద్దముక్క నాలిక మీద పెట్టుకున్నట్టు ఉంటుంది.

ఈ దశలో వాటిని రుచి చూడటం సరదా పనేం కాదు. బుడగ లేదు, తీపి లేదు, ఆల్కహాల్ 11 శాతం దగ్గర, పులుపు మాత్రం విపరీతం, నాలుగైదు గ్లాసులు అయ్యేసరికి పళ్ళు పులిసిపోతాయి. అలాంటి వైన్ ఎనిమిదేళ్ళ తర్వాత ఎలా ఉంటుందో ఇప్పుడే ఊహించాలి, అసలు నైపుణ్యమంతా అందులోనే ఉందని నా నమ్మకం.

ఒక ఉదాహరణ చెప్తాను. ఒకసారి వరుసలో అందరికీ నచ్చిన పినో ఒకటి ఉంది, పీచ్ పండు వాసన, నోరు నిండిపోయేంత రుచి. పక్కనే ఒక షార్డొనే, దాదాపు వాసనే లేదు, చివర్లో కాస్త ఉప్పదనం తప్ప చెప్పుకోడానికి ఏమీ లేదు. కొలగొట్టంలో వంద మిల్లీలీటర్ల బ్లెండ్ కట్టి అందులో ఆ మంచి పినో వాటా పెంచితే మొదటి గుక్క అదిరిపోయింది, కానీ మింగగానే రుచి ఆగిపోయింది. దాన్ని తగ్గించి, ఆ పేలవమైన షార్డొనే ఒక్క ఐదు మిల్లీలీటర్లు ఎక్కువ పోస్తే అదే బ్లెండ్ మింగాక కూడా చాలాసేపు నోట్లో నిలిచింది. అన్నీ ఉత్తమమైనవే ఏరి కలిపితే ఉత్తమమైన వైన్ వస్తుందనుకుంటాం కదా, అలా రాదు, మంచి పాటగాళ్ళందరూ ఒకేసారి గొంతెత్తితే పాట ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఆ రోజు నచ్చిన బ్లెండ్‌ని కూడా వెంటనే ఖాయం చేయరు, నంబర్లు మాత్రమే వేసిన గ్లాసుల్లో మర్నాడు పొద్దున మళ్ళీ చూస్తారు.

ఇంకో సంగతి, బ్లెండ్ కట్టాకే సీసాలో రెండోసారి పులియబెడతారు. లీటరుకి 24 గ్రాముల దాకా చక్కెర, ఈస్ట్ వేసి మూత పెడితే ఆరు అట్మాస్ఫియర్ల దాకా ఒత్తిడి పుడుతుంది, ఆల్కహాల్ ఇంకో ఒకటింపావు శాతం పెరుగుతుంది. బుడగలు వచ్చాక వాసనలతో పాటు చేదు కూడా పైకి తేలుతుంది. ఇప్పుడు కనీకనిపించని వగరు అప్పుడు దాచినా దాగదు, అందుకే ఆ ఛాయ ఉన్న ట్యాంకుని నిర్దాక్షిణ్యంగా పక్కన పెట్టేస్తారు.

పాళ్ళ విషయానికొస్తే, డోమ్ పెరిన్యోన్‌లో పినో న్వార్, షార్డొనే దాదాపు సగం సగం, ఏడాదిని బట్టి కొంచెం అటూ ఇటూ. క్రిస్టాల్‌లో పినో మొగ్గు, సుమారు 60 శాతం. సలోన్ అనే షాంపేన్ అయితే ల మెనీల్ షార్డొనే ఒక్కటే, అక్కడ ఒకే ఊళ్ళోని తోటల మధ్యే ఎంపిక. మామూలు షాంపేన్‌లో ఆ ఏడాది పులుపు తగ్గినా పలచబడినా రిజర్వ్ వైన్, అంటే గత ఏళ్ళ నుంచి దాచిన వైన్ పోసి సర్దుకోవచ్చు. వింటేజ్‌కి ఆ దారి లేదు, పంట సరిపోకపోతే ఆ ఏడాది ఆ వైన్ చేయరంతే. ఏరగా మిగిలిన ట్యాంకులు వృథా కావు, మామూలు బ్రూట్ (తీపి తక్కువుండే షాంపేన్) లోకో రిజర్వ్‌లోకో వెళ్తాయి.

సీసాలు నిండాక చట్టప్రకారం వింటేజ్‌కి కనీసం మూడేళ్ళు ఆగాలి, పేరున్నవి అంతకు రెట్టింపు, ఇంకా ఎక్కువే ఆగుతాయి. ఎంత ఆగాలనేది కూడా బ్లెండ్ స్వభావమే చెప్తుంది. 2009 పంట వెచ్చటి ఏడాదిది, త్వరగా విచ్చుకుంది. 2008లో పులుపు గట్టిగా ఉంది. అందుకే డోమ్ పెరిన్యోన్ వాళ్ళు వరుస తప్పించి 2009ని ముందు వదిలారు, 2008ని ఆ తర్వాతే బయటపెట్టారు. అమ్మకాల కోసం తొందరపడకుండా అలా ఆపుకున్నందుకు నాకు వాళ్ళ మీద గౌరవం పెరిగింది.

చివరిగా, పేరున్నవన్నీ వింటేజ్‌లే అనుకోకండి. లోరాన్ పెరియే కంపెనీ వాళ్ళ గ్రాన్ సియెక్ల్ మూడు మంచి ఏళ్ళ వైన్లు కలిపి చేసేది. క్రుగ్ కంపెనీ గ్రాండ్ క్యువేలో పదికి పైగా ఏళ్ళవి, 120కి పైగా వైన్లు ఉంటాయి. మీకు బ్లెండింగ్ మీదే ఆసక్తి కాబట్టి, క్రుగ్ సీసా ఎప్పుడైనా చేతికొస్తే వెనక లేబుల్ మీదున్న ఐడీ నంబరు వాళ్ళ సైట్లో కొట్టి చూడండి, ఆ సీసాలో ఎన్ని వైన్లున్నాయో, ఏ ఏళ్ళ నుంచి తీసుకున్నారో అక్కడ ఉంటుంది.