గ్యాసు కట్టేయడం మరిచిపోతే మతి లేనట్టేనా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లెటూరు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నా. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఊళ్ళో ఉంటోంది. వయసు 78. ఐదేళ్ళుగా మతిస్థిమితం లేదు. ఈ ఏడాది రెండుసార్లు పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయింది, గిన్నె మాడిపోయింది. మా దగ్గరికి రమ్మంటే రాదు. గట్టిగా అడిగితే "నీ గ్యాసు బండ నువ్వే ఎత్తకపో. కట్టెల పొయ్యి మీద వండుకుంటా. చచ్చినా ఈడే చస్తా" అంటోంది. మూడున్నరేళ్ళ కిందట తన రెండెకరాలు నా పేర సెటిల్‌మెంట్ రాసి రిజిస్టర్ చేసింది. ఇల్లు మాత్రం ఆమె పేరునే ఉంది. చెల్లెలు ఆమెను ఎగదోస్తోంది. తెలిసిన డాక్టరు మతిస్థిమితం లేదని సర్టిఫికెట్ ఇస్తానన్నాడు. అది పెట్టుకుని, అమ్మ చేత జీపీఏ (ఆమె తరఫున వ్యవహారం నడిపే అధికారపత్రం) రాయించుకుని, ఇల్లు అమ్మి ఆమెను తెచ్చుకోవచ్చా? రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీ ఉత్తరంలో ముప్పాతిక భాగం మీ బాధే. కేసు తేలేది మాత్రం ఒక్క మాట మీద. ఆ మాట మీ అమ్మగారిది: "నీ గ్యాసు బండ నువ్వే ఎత్తకపో." మీరు దాన్ని మొండితనం కింద రాశారు. నేను అవతలి పక్షం వకీలునైతే నా మొదటి సాక్ష్యం అదే. గ్యాసు కట్టేయడం మరిచిపోవడం వేరు, కట్టేయకపోతే ఏమవుతుందో తెలియకపోవడం వేరు. ఆమెకు ప్రమాదం తెలుసు. దానికి తనకు తోచిన మార్గమూ చెప్పింది. ఒంటరిగా ఉంటే చావు ఊళ్ళోనే వస్తుందనీ తెలిసే అంటోంది.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 వైద్యం గురించి రాసుకున్నదే అయినా, అందులో 4వ సెక్షన్ చెప్పే కొలత ఇక్కడా పనికొస్తుంది. చెప్పింది అర్థమవుతోందా, దాని ఫలితం తెలుస్తోందా, తన నిర్ణయం తెలియజేయగలదా? ఆ నిర్ణయం ఇతరులకు తప్పుగా కనబడినంత మాత్రాన సామర్థ్యం లేనట్టు కాదని కూడా అక్కడే ఉంది. కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ చూసేది కూడా ఆ సమయానికి మనిషికి విషయం అర్థమై, తన మేలు కీడు ఆలోచించుకోగలదా అన్నదే.

నేను చూసిన ఓ విచారణలో పెద్దావిడను ఇవాళ ఏ వారమని జడ్జిగారు అడిగితే తెలియదంది. పొలానికి కౌలు ఎంతొస్తుందంటే పుట్లు, తూములతో సహా చెప్పింది. బోనెక్కిన కొడుకు ముఖం నాకింకా గుర్తుంది.

ఇప్పుడు మీ అజాగ్రత్త సంగతి. "ఐదేళ్ళుగా మతిస్థిమితం లేదు" అని మీ చేత్తో రాసి సంతకం పెట్టారు. మీకు సెటిల్‌మెంట్ రాసింది మూడున్నరేళ్ళ కిందట. మరి మతిలేని మనిషి రాసిన దస్తావేజుతో రెండెకరాలు మీకెలా వచ్చాయి? మీ చెల్లెలి వకీలు వేసే మొదటి ప్రశ్న ఇదే. దస్తావేజు రద్దుకు లిమిటేషన్ చట్టం 59వ ఆర్టికల్ కింద, విషయం తెలిసినప్పటి నుంచి మూడేళ్ళే గడువు. స్వయంగా సంతకం చేసిన మీ అమ్మగారికి ఆ గడువు ఈపాటికి దాటింది, అది మీకు రక్షణ. కానీ రాసిననాటికే మతి లేదని మీరే నిరూపిస్తే, అదే చట్టం 6వ సెక్షన్ గడియారాన్ని ఆపేస్తుంది. ఆ స్థితిలోనే ఆమె పోతే, వారసురాలిగా మీ చెల్లెలికి అప్పటి నుంచి మూడేళ్ళు దొరుకుతాయి. దావా ఆమె వేస్తుంది, సాక్ష్యం మీరు సమకూరుస్తారు!

అసలు ఆ దస్తావేజులో "నన్ను పోషించే షరతుపై" అన్న వాక్యం ఉందేమో ఓసారి చదవండి. ఉంటే, మీరు ఆమెను సరిగా చూడటం లేదని 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ఆ సెటిల్‌మెంట్ చెల్లదని ప్రకటించమని ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌లో ఆమె అర్జీ పెట్టుకోవచ్చు.

జీపీఏ ఆలోచన వదిలేయండి. మతి ఉంటే ఆమె ఇష్టపడి రాయాలి. లేదంటే ఆ సంతకమే చెల్లదు. రాసిన తర్వాత మతి పోయినా కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం ఆ అధికారం అంతటితో సరి. మతి లేదన్న సర్టిఫికెట్టూ, ఆమె వేలిముద్ర ఉన్న జీపీఏ ఒకే ఫైల్లో పెట్టుకుని కొనేవాడికి చూపిస్తారా? మనిషిని చూడకుండా రాసిచ్చే తప్పుడు సర్టిఫికెట్ నేరం, అది తప్పుడుదని తెలిసీ వాడుకోవడమూ నేరమే. కారెక్కించి తెచ్చి గదిలో పెట్టి గొళ్ళెం పెడితే అక్రమ నిర్బంధం కింద భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ ఉంది. తల్లి అన్న మినహాయింపు అందులో లేదు.

చేయాల్సింది ఇది. ఆమె ఒప్పుకుంటేనే నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించండి. కళ్ళజోడు పెట్టించి, పొద్దున పూట, ఆమె మాట్లాడే తెలుగులో అడిగేలా చూడండి. థైరాయిడ్, బీ12 లోపం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నిద్రమాత్రలు, వీటిలో ఏదైనా మరపు తెస్తుంది, తగ్గించొచ్చు కూడా. 30 మార్కుల జ్ఞాపకశక్తి పరీక్ష ఒక్కటే పెట్టి తేల్చనివ్వకండి. చదువు రాని వాళ్ళకు రాత, చదువు ప్రశ్నల దగ్గరే మార్కులు పోతాయి. ఒంటరిగా ఉండటం, డబ్బు, మందులు, ఒక్కోదానికీ విడిగా అభిప్రాయం అడగండి. "రాత్రి జారిపడితే ఎవరిని పిలుస్తావు?" అన్న ప్రశ్నకు ఆమె ఏం చెప్పిందో ఆ మాటల్లోనే కాగితం మీద ఎక్కించమనండి. కోర్టులో నిలబడేది ఆ కాగితమే.

నిజంగానే సామర్థ్యం లేదని తేలితే, 2017 చట్టంలో ఆస్తికి సంరక్షకుణ్ణి పెట్టే ఏర్పాటు లేదు. పాత 1987 చట్టంలో ఉండేది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016, 14వ సెక్షన్ కింద పరిమిత సంరక్షకుడి కోసం జిల్లా కోర్టుకు వెళ్ళాలి. అప్పుడు కూడా ఆమెను సంప్రదించే నిర్ణయాలు తీసుకోవాలి. చెల్లెలికి నోటీసు ఇవ్వకుండా ఆ అడుగు వేయొద్దు.

ఈలోపు గ్యాసు బండ తెచ్చేయండి, ఆమే తీసుకుపొమ్మంది కదా. టైము పెట్టుకుంటే దానంతటదే ఆగే కరెంటు పొయ్యి ఒకటి కొనివ్వండి. వద్దు, కట్టెల పొయ్యే కావాలంటే ఇంట్లో కాదు, పెరట్లో రేకుల కింద వేయించండి.