పెద్ద ఆర్డర్ వచ్చిన మేనకోడలికి

అమ్మాయీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆర్డర్లు రెట్టింపు కాబోతున్నాయన్న సంతోషం మొదట్లో ఉంది, జీతాల రోజున ఖాతాలో డబ్బు చాలలేదన్న దిగులు చివర్లో ఉంది. "లాభాల్లోనే ఉన్నాను కదా మావయ్యా, మరి డబ్బంతా ఎటు పోతోంది?" అని అడిగావు. ముప్పై ఏళ్లు అట్టపెట్టెల యూనిట్ నడిపాను. నాకూ ఈ ప్రశ్న వచ్చింది, కాస్త ఆలస్యంగా వచ్చింది.

నీ డబ్బు ఎటూ పోలేదు. గోడౌన్‌లో సరుకుగా, కస్టమర్ల దగ్గర బాకీగా ఉంది. నువ్వు రాసిన లెక్కే తీసుకుందాం. ముడిసరుకు వచ్చినప్పటి నుంచి తయారై బయటికి వెళ్లేదాకా 40 రోజులు. కస్టమర్ డబ్బిచ్చేసరికి ఇంకో 60 రోజులు. ముడిసరుకు ఇచ్చేవాళ్లు నీకిచ్చే గడువు 30 రోజులు. అంటే 70 రోజుల ఖర్చు నువ్వు నీ జేబులోంచి మోస్తున్నావు. రోజు ఖర్చు 1,000 అనుకో, 70,000 ఎప్పుడూ ఇరుక్కుని ఉంటుంది. వ్యాపారం రెట్టింపయితే అది 1,40,000 అవుతుంది. ఖర్చు మీద 10 శాతం లాభం మిగిలినా, రెట్టింపయ్యాక ఏడాదంతా కలిపి వచ్చేది 73,000. అందులో 70,000 పెరిగిన సరుకులోకి, బాకీల్లోకే వెళ్లిపోతుంది. పుస్తకంలో లాభం, ఖాతాలో కరువు. పెరిగే వ్యాపారాలన్నిటికీ ఉండేదే ఇది, నీ తప్పు కాదు.

అందుకే అప్పు కోసం తిరిగేముందు ఆ 70ని తగ్గించు. వ్యాపారం రెట్టింపయ్యాక, అంటే రోజుకి 2,000 లెక్కన, కస్టమర్ పది రోజులు ముందు ఇస్తే 20,000 చేతికొస్తుంది, దానికి వడ్డీ లేదు, తాకట్టు లేదు. ఆ పెద్ద ఆర్డర్ ఇచ్చినవాళ్లని కొంత అడ్వాన్సు అడుగు. అడిగితే ఆర్డర్ పోతుందేమోనని భయపడుతున్నావు, నేనూ ఏళ్ల తరబడి భయపడ్డాను. తీరా అడిగాక ఎక్కువమంది ఎంతో కొంత ఇచ్చారు.

ఇక అప్పు దగ్గరికి వద్దాం. ఇందులో నేను దెబ్బ తిన్న సంగతి చెప్పాలి. ఆరో ఏడాది ఒక కటింగ్ మెషీన్ కొన్నాను. టర్మ్ లోన్, అంటే ఏళ్ల తరబడి వాయిదాల్లో తీర్చే అప్పు, కావాలంటే కాగితాలు, కొటేషన్లు, నెలన్నర తిరుగుడు. ఓవర్‌డ్రాఫ్ట్‌లో (బ్యాంకు ఒప్పుకున్న హద్దు దాకా ఖాతాలోంచి వాడుకునే అప్పులో) ఎలాగూ సగం లిమిట్ ఖాళీగా ఉంది కదా అని చెక్కు రాసేశాను. ఎనిమిది నెలల తర్వాత రెన్యువల్‌కి వెళితే బ్యాంకు లిమిట్ తగ్గించింది. పదేళ్లు పనిచేసే మెషీన్ డబ్బుని ఎనిమిది నెలలకే తిరిగి కట్టమన్నట్టయింది. కాగితం కొనడానికి డబ్బు లేక మూడు వారాలు ఆ కొత్త మెషీన్ మీద గుడ్డ కప్పి ఉంచాం. జీతాలు రెండు విడతల్లో ఇచ్చాను. ఆ రోజు వరసలో నిలబడ్డవాళ్ల ముఖాలు నాకింకా గుర్తే.

కాబట్టి ఏ వస్తువు ఎన్నాళ్లు పనికొస్తుందో, దాని కోసం తెచ్చిన అప్పు కూడా అన్నాళ్లు సాగాలి. మెషీన్‌కి, షెడ్డుకి టర్మ్ లోన్ లేదా లీజు. సరుకుకి, బాకీలకి ఓవర్‌డ్రాఫ్ట్. ఇంతవరకు చాలామంది చెబుతారు. తర్వాతి మాట తక్కువమంది చెబుతారు, ఇక్కడ కాస్త ఆగి చదువు. సరుకులో, బాకీల్లో ఇరుక్కునే డబ్బులో రెండు భాగాలుంటాయి. సీజన్‌లో పెరిగి తర్వాత తగ్గేది ఒకటి. ఎంత మందకొడి నెలలో అయినా కిందికి దిగని అడుగు భాగం ఇంకొకటి. ఈ రెండోది పేరుకే వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారంలో తిరిగే డబ్బు), నిజానికి మెషీన్ లాగే శాశ్వతంగా ఉండిపోతుంది. దాన్ని నీ సొంత డబ్బుతోనో, వ్యాపారంలోనే వదిలేసిన లాభంతోనో, చాలా ఏళ్ల అప్పుతోనో మొయ్యాలి. గత పన్నెండు నెలల ఓవర్‌డ్రాఫ్ట్ స్టేట్‌మెంట్ తీసి చూడు. అది ఏ ఒక్క రోజూ సున్నా దరిదాపుల్లోకి రాకపోతే, బ్యాంకు ఎప్పుడంటే అప్పుడు వెనక్కి అడగగలిగే డబ్బు మీద నీ యూనిట్ పునాది నిలబడి ఉందన్నమాట. నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టే విషయం ఇదే.

"ఎక్కువ వడ్డీ ఇస్తానన్నా బ్యాంకు కాదంది" అని రాశావు. దీని మీద 1981లో స్టిగ్లిట్జ్, వైస్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఒక వ్యాసం రాశారు. వడ్డీ పెంచుతూ పోతే జాగ్రత్తపరులు తప్పుకుంటారు, తెగించినవాళ్లు మిగులుతారు. అందుకే బ్యాంకు ఒక హద్దు దాటి వడ్డీ పెంచదు, అప్పే ఇవ్వనంటుంది. అంటే నువ్వు వాళ్ల ముందు పెట్టాల్సింది ఎక్కువ వడ్డీ కాదు, ఎక్కువ సమాచారం. ఏ కస్టమర్ ఎన్ని రోజుల బాకీ, ఏ సరుకు ఎన్నాళ్లుగా పడి ఉంది, వచ్చే పదమూడు వారాల్లో ఏ వారం ఎంత వస్తుంది, ఎంత పోతుంది. ఇవి ప్రతి నెలా అడక్కుండానే పంపించు. డబ్బు అవసరం లేని నెలల్లో కూడా పంపించు.

సప్లయర్ అరువు ఉచితమని అనుకోకు. పది రోజుల్లో కడితే 2 శాతం తగ్గింపు, లేకపోతే ముప్పై రోజుల గడువు అన్నాడనుకో. తగ్గింపు వదులుకుంటే ఇరవై రోజుల కోసం ప్రతి 98కి 2 కడుతున్నావు. ఏడాదికి లెక్కేస్తే 37 శాతం దాటుతుంది. బ్యాంకులో లిమిట్ ఉంటే దాంతో కట్టేసి తగ్గింపు తీసుకోవడమే మేలు.

బిల్ డిస్కౌంటింగ్, ఫ్యాక్టరింగ్ గురించి అడిగావు, అంటే కస్టమర్ కట్టాల్సిన బిల్లుల మీద ముందే డబ్బు తీసుకోవడం. పెద్ద కంపెనీల మీద బిల్లులుంటే మంచిదే, ఎందుకంటే అక్కడ డబ్బిచ్చేవాళ్లు నీ బలం కంటే నీ కస్టమర్ బలాన్ని చూస్తారు. ఒప్పందంలో ఒక్క ముక్క వెతుకు: కస్టమర్ ఎగ్గొడితే నష్టం ఎవరిది? నీదే అని ఉంటే అది మామూలు అప్పే.

నీ సైజు వ్యాపారాలకి ఎక్కడా సరిగ్గా కుదరకపోవడం కొత్తేమీ కాదు. 1931లోనే బ్రిటన్‌లో మాక్‌మిలన్ కమిటీ ఈ ఖాళీని ఎత్తిచూపింది. సొంత పొదుపుకి, బ్యాంకు అప్పుకి మించిపోయి, స్టాక్ మార్కెట్‌కి వెళ్లేంత పెద్దవి కాని సంస్థలకి దీర్ఘకాల పెట్టుబడి దొరకడం లేదని రాసింది. దాన్ని పూడ్చడానికి 1945లో అక్కడి బ్యాంకులే కలిసి ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టాల్సి వచ్చింది. కాబట్టి తలుపులు మూసుకున్నప్పుడల్లా నీ వ్యాపారంలోనే లోపం ఉందని కుంగిపోకు.

వాటా అమ్మడం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతా: ఇప్పుడు వద్దు. 1957లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే కంప్యూటర్ కంపెనీ మొదలైనప్పుడు, అమెరికాలో ఏఆర్‌డీ అనే పెట్టుబడి సంస్థ 70,000 డాలర్లు పెట్టి సగానికి బాగా మించిన వాటా తీసుకుంది. ఆ కంపెనీ తర్వాత ఎంతో పెద్దదయింది, ఇద్దరికీ కలిసొచ్చింది. అలాంటి పెట్టుబడిదారులు వెతికేది ఎన్నో రెట్లు పెరిగే వ్యాపారాన్ని. నీది ఏటా నిదానంగా పెరిగే మంచి వ్యాపారం. వాళ్ల తొందర, నీ నడక కలవవు. వాయిదాల భారం లేని డబ్బని సంబరపడతాం గానీ, వ్యాపారం బాగుంటే చివరికి అన్నిటికంటే ఖరీదుగా తేలేది అదే. వడ్డీతో అప్పు ఒకరోజు తీరుతుంది, అమ్మిన వాటా అంత తేలిగ్గా వెనక్కి రాదు. ఆ అడుగు భాగం మొయ్యలేనంత పెరిగి, నీతో పదేళ్లు ఉండే మనిషి దొరికితే అప్పుడు మాట్లాడుకుందాం.

చివరగా, బ్యాంకు పంపిన పర్సనల్ గ్యారంటీ కాగితం, అంటే వ్యాపారం కట్టలేకపోతే నువ్వే సొంతంగా కడతానన్న హామీ. దానికి పరిమితి ఉందా, లేక ఇప్పటి అప్పుకీ ఇకముందు తీసుకునే అప్పులన్నిటికీ కలిపా అన్నది చూడు. ఇంత మొత్తం వరకే అని రాయించమని అడుగు. ఇస్తారో ఇవ్వరో గానీ అడగడంలో తప్పు లేదు. పదమూడు వారాల లెక్క తయారుచేసి శనివారంలోగా నాకు పంపు, పెద్ద ఆర్డర్ డబ్బు ఒక నెల ఆలస్యమైతే ఏమవుతుందో పక్కనే ఇంకో వరసలో వెయ్యి. ఆదివారం పొద్దున ఫోన్ చేస్తాను. అప్పటిదాకా ఆ కాగితం మీద సంతకం పెట్టకు.

ఆశీస్సులతో,
మీ మావయ్య