సగం ధరకే ధర్మవరం పట్టు: చైనా సంగతి తర్వాత, ముందు పేక (అడ్డపోగు) చూడండి

పక్క షాపులో సగం ధరకే అమ్ముతున్న ధర్మవరం పట్టు చైనా చీరేమోనని అనుమానపడే చీరల షాపు యజమానికి నా జవాబు: అది చైనా చీర అయ్యుండదు. అనంతపురంలో మీ పక్క షాపులో ధర్మవరం పట్టు సగం ధరకే ఇస్తున్నారంటే, చాలావరకు మరమగ్గం మీద పాలిస్టర్ పేకతో నేసిందే.

1. ఒక చీర తెప్పించి కొంగు కుచ్చులోంచి పోగు తీసి కాల్చండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడైతే పట్టు. కరిగి గట్టి ఉండ కడితే పాలిస్టర్.

2. అందరూ ఇక్కడే ఆగిపోతారు. కుచ్చులో వేలాడేవి పడుగు (నిలువు) పోగులే! పడుగు అసలు పట్టు వేసి, పేకలో కొడతారు దెబ్బ. కొంగు చివర అడ్డపోగును సూదితో విడదీసి వేరుగా కాల్చండి. జరీ పోగు కలవనీయొద్దు.

3. చీరకి సిల్క్ మార్క్ లేబుల్ ఉంటే పట్టు అసలైనదని మాత్రమే అర్థం. చేనేతో కాదో అది చెప్పదు, దానికి హ్యాండ్‌లూమ్ మార్క్ వేరే ఉంది.

చైనా నుంచి వచ్చేది ఎక్కువగా ముడిపట్టు. ఆ దారంతో ధర్మవరంలో మగ్గం మీద నేసినా అది ధర్మవరం చీరే, భయపడకండి.

మీ బిల్లులో "పడుగు, పేక పట్టు, చేనేత" అని రాసివ్వండి. బేరమాడే కస్టమర్‌ని పక్క షాపులోనూ అలాగే రాయించుకోమనండి.