అక్వేరియం క్యానిస్టర్ ఫిల్టర్‌లో గరగర శబ్దం, సీఓ2 ఇస్తుంటే ఫ్లో తగ్గడం: గ్యాస్ పైన ఇరుక్కుంది

అక్వేరియం మొక్కల కోసం సీఓ2 (కార్బన్ డయాక్సైడ్) ఇస్తుంటే క్యానిస్టర్ (ట్యాంక్ బయట పెట్టే డబ్బా ఫిల్టర్) గరగరమంటోంది, నీళ్ల ఫ్లో తగ్గింది అని అడిగారు కదా. మీ ఫిల్టర్ చెడిపోలేదండీ, ట్యాంక్ నుంచి ఫిల్టర్‌లోకి నీళ్లు లాగే ఇన్‌టేక్ పైపులోకి వదిలిన గ్యాస్ కరగకుండా క్యానిస్టర్ మూత కింద చేరింది, నీళ్లని తోసే చిన్న ఫ్యాన్ లాంటి ఇంపెల్లర్ అక్కడే ఉంటుంది కాబట్టి నీళ్ల బదులు గ్యాస్‌ని తిప్పుతోంది, ఆ గరగర అదే.

1. గ్యాస్ ఆపి, ఫిల్టర్ నడుస్తుండగానే క్యానిస్టర్‌ని మెల్లగా అటూ ఇటూ వంచండి. బుడగలు భళుక్కున బయటికొస్తాయి.

2. పైన పెట్టిన ఫిల్టర్ దూది మురికిపట్టి ఉంటే కడగండి, బుడగలు దానికే అతుక్కుంటాయి.

3. గ్యాస్‌ని మళ్లీ సెకనుకి ఒక బుడగతో మొదలుపెట్టండి. అయినా శబ్దం వస్తే ఇన్‌టేక్ వద్దు, నీళ్లు ట్యాంక్‌లోకి తిరిగొచ్చే అవుట్‌లెట్ పైపులో ఇన్‌లైన్ డిఫ్యూజర్ (గ్యాస్‌ని సన్నటి బుడగలుగా చేసేది) పెట్టుకోండి, నేనైతే మొదటి నుంచీ అదే చేస్తా.

4. చాలామంది వదిలేసేది ఇదే. మన బెజవాడలో ఎండాకాలం కరెంటు పోతే ఫిల్టర్ ఆగుతుంది, సోలెనాయిడ్ (కరెంటు పోగానే గ్యాస్‌ని ఆపేసే వాల్వ్) లేకపోతే గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది, కరెంటు వచ్చేసరికి పైపులో గ్యాస్ పేరుకుని ఉంటుంది. సోలెనాయిడ్ కొని ఫిల్టర్ ఉన్న బోర్డుకే పెట్టండి, ఇన్వర్టర్ మీద విడిగా పెట్టారో మళ్లీ అదే గోల (మా ఇంట్లో ఇలాగే రెండుసార్లయింది). గ్యాస్ పైపులో చెక్ వాల్వ్ (ఒకవైపే పోనిచ్చేది) కూడా ఉండాలి, లేకపోతే నీళ్లు వెనక్కి గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్‌లోకి పోతాయి.

డ్రాప్ చెకర్ (నీళ్లలో సీఓ2 ఎంతుందో రంగుతో చూపేది) ఇంకా నీలంగానే ఉందన్నారు కదా, అందులో ట్యాంక్ నీళ్లు పోశారా? 4 డీకేహెచ్ ద్రావణం (కార్బొనేట్ కాఠిన్యం సరిగ్గా 4 డిగ్రీలు ఉండే నీళ్లు) పోయాలి. రంగు మారడానికి గంట రెండు గంటలు పడుతుంది, లేతాకుపచ్చ వస్తే సీఓ2 సుమారు 30 పీపీఎం (పది లక్షల్లో 30 భాగాలు). పసుపు అయితే గ్యాస్ వెంటనే తగ్గించండి, చేపలు పైకొచ్చి నోరు తెరుస్తాయి.