చిట్టీ, ఆదివారం వెళ్ళే ముందు ఇది చదువు

చిట్టితల్లికి,

బాలికల హోమ్‌లో ఒక పదిహేడేళ్ళ పిల్లకి మెంటర్‌గా, అంటే తరచూ వెళ్ళి తోడుగా ఉండే పెద్దగా, పేరిచ్చావట, రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత మురిసిపోయానో! కానీ ఆ తర్వాత నిద్ర పట్టలేదు.

తేలికైనవి ముందే చెప్పేస్తాను. చెప్పిన టైముకి వెళ్ళు. నలుగురికీ కనిపించే చోటే కూర్చోండి. డబ్బు చేతికివ్వకు, ఫోన్ కొనిపెట్టకు. అమ్మానాన్నల గురించి తనంతట తను చెప్పేదాకా అడగకు. ఎవరో ఒంటిమీద చెయ్యి వేశారని చెబితే మాత్రం, ఎవరికీ చెప్పనని మాటివ్వకు. వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కో పోలీసులకో చెప్పు. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసీ చెప్పకపోవడం నేరం.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. 1996లో నేను విజయవాడలో బ్యాంకు ఉద్యోగంలో ఉన్నాను. అది పెద్ద జంక్షన్ కదా, ఇళ్ళు వదిలి రైలెక్కిన పిల్లలు చాలామంది అక్కడే దిగేవాళ్ళు. అలాంటి పిల్లల హోమ్ ఒకదానికి ఆదివారాలు వెళ్ళి, ఒక పన్నెండేళ్ళవాడికి లెక్కలు చెప్పేదాన్ని. నేను కూర్చునే ముందు చొక్కా అంచుతో బెంచీ తుడిచేవాడు. భిన్నాలంటే భయం వాడికి. జామకాయ నాలుగు ముక్కలు కోసి చూపిస్తే పట్టేశాడు.

ఐదో నెలలో ప్రమోషన్ మీద నన్ను అనంతపురం వేశారు. చివరి ఆదివారం ఆ మాట చెప్పలేకపోయాను. వాడు ఏడుస్తాడని అనుకున్నాను గానీ, నిజానికి నేనే ఏడుస్తానని భయం. "ఈ పది లెక్కలూ చేసి ఉంచు, వచ్చే ఆదివారం కసాగు మొదలుపెడదాం" అని వచ్చేశాను. మెల్లగా చెప్పమని వార్డెన్‌ను అడిగాను. ఆయన చెప్పలేదు.

మరుసటేడు దసరా సెలవుల్లో వెళితే వాడు లేడు. "మూడు వారాలు మెట్లమీదే కూర్చున్నాడమ్మా, తర్వాత ఒకరోజు తెల్లారేసరికి లేడు" అంది వంటావిడ. బియ్యం డబ్బా పైనుంచి నోటుబుక్కు తీసి ఇచ్చింది. పది లెక్కలూ చేసి ఉన్నాయి. తర్వాతి పేజీలో పై మూల ఆదివారం తేదీ, కింద ఖాళీ. ఆ తర్వాతి పేజీలోనూ అంతే. వాడు ఎక్కడున్నాడో ఈరోజుకీ తెలీదు.

2002లో రోడ్స్, గ్రాస్‌మన్ అని ఇద్దరు పరిశోధకులు అమెరికాలో మెంటర్ల కోసం పేరిచ్చిన వెయ్యిమందికి పైగా పిల్లల మీద లెక్కలు తీశారు. ఏడాదికి మించి తోడు దొరికిన పిల్లలకే ఎక్కువ మేలు జరిగిందట. మూడు నెలల్లోపే తెగిపోయినచోట పిల్లలకు తమమీద తమకున్న నమ్మకం ఇంకా తగ్గిందట. అది చదివి నా ఐదు నెలలు లెక్కపెట్టుకున్నాను.

అందుకే అడుగుతున్నాను, నీ వీసా సంగతేంటి? సంబంధాలు చూస్తున్నామని మీ అమ్మ అంటోంది. ఏడాది ఉండలేనంటే ఇప్పుడే పేరు వెనక్కి తీసుకో. కోపం తెచ్చుకోకు, నిన్ను ఎత్తుకు పెంచినదాన్ని, ఆ మాత్రం అనే హక్కుంది నాకు. మధ్యలో వెళ్ళాల్సి వస్తే నెల ముందే నీ నోటితో నువ్వే చెప్పు. తను ఏడిస్తే పక్కనే కూర్చో.

పద్దెనిమిది నిండితే ఆ పిల్ల హోమ్ వదలాలి. 2015 బాలల న్యాయ చట్టంలో ఇరవై ఒకటి దాకా ఆఫ్టర్‌కేర్, అంటే హోమ్ వదిలాక అందే సాయం, ఉంది, జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇప్పటినుంచే అడుగు. ఆధార్, సర్టిఫికెట్లు, తన పేరున బ్యాంకు ఖాతా ఉన్నాయో లేదో చూడు. హోమ్ గేటు దాటిన రోజున తనకి ఫోన్ చేసుకోవడానికి ఒక్క నంబరైనా ఉండాలి.

మొదటి రోజు ఏం మాట్లాడాలో తెలీక టెన్షన్ పడతావు, నాకు తెలుసు. జామకాయలు తీసుకెళ్ళు. ఉప్పూకారం పొట్లం మర్చిపోకు.

మీ పెద్దమ్మ